అసూయ, ఈర్ష్య ఒకటేనా? మా అత్తగారు రెండింటికీ ఒకటే మాట అంటున్నారు

కాకినాడ_శ్రావణి · జూన్ 14, రాత్రి 9:52

నేను ఇక్కడ చదవడమే గానీ రాసింది తక్కువ. ఇవాళ రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

మాకు ఇద్దరు పిల్లలు. పాపకి ఐదేళ్ళు, బాబుకి ఏడో నెల. వాడు పుట్టినప్పటి నుంచీ పాప తీరే మారిపోయింది. వాణ్ణి ఉయ్యాల్లోంచి తీయగానే తను ఎక్కి పడుకుంటుంది. ఎప్పుడో మానేసిన పాలసీసా కావాలంటుంది. మొన్న వాడికి ఉగ్గు పెడుతుంటే వచ్చి పక్కన కూర్చుని నోరు తెరిచింది. మాటా లేదు, ఏడుపూ లేదు. నోరు తెరిచి నా చేతి వంకే చూస్తూ కూర్చుంది. మా అత్తగారు అది చూసి “పిల్లకి ఎంత కుళ్ళో చూశావా” అన్నారు.

ఇంకో సంగతి. మా మరిది వాళ్ళు ఈమధ్యే ఇల్లు కట్టుకున్నారు. మేడ మీద మేడ, పాలరాయి. గృహప్రవేశం నుంచి వచ్చాక నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. అక్కడ ముఖం మాడ్చుకోలేదు, పనంతా నా చేతుల మీదే చేశాను. ఇంటికొచ్చాక మాత్రం మా ఆయనతో “ఆ వంటింట్లో గాలి ఆడదు, మెట్లు ఎవరు పెట్టారో గానీ ఎత్తుగా ఉన్నాయి” అన్నాను. అది అత్తగారి చెవిన పడింది. నన్నేమీ అనలేదు. మా ఆడపడుచుతో ఫోన్లో “పెద్దదానికి కుళ్ళు” అంటుంటే విన్నాను.

ఒకే నెలలో మా తల్లీకూతుళ్ళిద్దరికీ ఒకే మాట పడింది. నన్ను అన్నందుకు బాధ లేదని చెప్పను. పాపని అన్నందుకు మాత్రం కడుపు తరుక్కుపోతోంది. నా మనసులో ఉన్నదీ, ఆ పిల్ల మనసులో ఉన్నదీ ఒకటే అంటే నేను ఒప్పుకోలేకపోతున్నాను. ఇంగ్లీషులో ఎన్వీ, జెలసీ అని రెండున్నాయి కదా. మనకి లేవా? అసూయ, ఈర్ష్య, మాత్సర్యం, ఓర్వలేనితనం… ఏది దేనికి?

---

పాలమూరు_పిల్ల · జూన్ 14, రాత్రి 10:15

అక్కా, ముందుగాల పాపను దగ్గరికి తీసుకో. పిల్లది ఏం తప్పు చేయలే.

మా ఇంగ్లీషు సారు డిగ్రీల చెప్పింది నాకు ఇంకా యాదికుంది. ఎన్వీల ఇద్దరే ఉంటరు: నేను, నాకు లేనిది ఉన్న మనిషి. జెలసీల ముగ్గురు ఉంటరు: నేను, నాది అనుకున్న మనిషి, నడుమల వచ్చిన మనిషి. ఒకటేమో లేదన్న మంట, ఇంకొకటి పోతదన్న భయం. మీ పాపది రెండోది. నీ యారాలు ఇంటి సంగతి మొదటిది.

---

సీమబిడ్డ · జూన్ 14, రాత్రి 10:31

మా అవ్వ ఒక సామెత చెప్తా ఉండె. “తనకు లేదని ఏడిస్తే ఒక కన్ను పోయిందంట, ఎదుటోనికి ఉందని ఏడిస్తే రెండో కన్ను పోయిందంట.”

చిన్నప్పుడు రెండూ ఒకటే కదా అనుకుంటి. కాదు. నాకు ఇల్లు లేదే అని ఏడ్చేది ఒకటి. వాళ్ళకి ఇల్లు ఉందే అని ఏడ్చేది ఇంకొకటి. మొదటిదానికి నాకు ఇల్లు వస్తే సరిపోతుంది. రెండోదానికి వాళ్ళ ఇల్లు కూలితే గాని సరిపోదు. మొదట పోయేది ఒక కన్నే, ఇంకొకదాంతో చూసుకోవచ్చు. రెండోదీ పోతే మనిషికి దారి కనపడదు.

---

నెల్లూరు_మాస్టారు · జూన్ 15, ఉదయం 6:10

అమ్మా శ్రావణీ, ముప్ఫై ఏళ్ళు తెలుగు చెప్పినవాణ్ణి. నీ ప్రశ్న పొద్దున్నే చూశాను. కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

మనకు మాటలు లేక కాదు, ఉన్న మాటల్ని కలిపేసుకున్నాం. అమరసింహుడు రాసిన పాత సంస్కృత నిఘంటువు అమరకోశంలో ఒక పాదం ఉంది: “అక్షాంతిరీర్ష్యాఽసూయా తు దోషారోపో గుణేష్వపి”. అక్షాంతి అంటే ఓర్వలేమి. అది ఈర్ష్య. అసూయ అలా కాదు. గుణంలో కూడా దోషాన్ని ఆరోపించడం అసూయ. అంటే ఈర్ష్య లోపలి మంట, అసూయ ఆ మంట నోటి వరకూ వచ్చి చేసే పని. పక్కవాడి పిల్ల బాగా పాడుతుంటే గుండెలో కలుక్కుమనడం ఈర్ష్య. “గొంతు బాగానే ఉంది గానీ శ్రుతి నిలవదు” అనేస్తే అసూయ.

నిన్ను నొప్పించాలని కాదు గానీ, ఆ మెట్ల మాట ఉందే, అమరసింహుడి లెక్కలో అది అచ్చంగా అసూయ. గాలి ఆడకపోవడం నిజమే కావచ్చు. ఆ నిజం నీకు ఆ రోజే ఎందుకు కనపడిందన్నదే ప్రశ్న.

అత్రి మహర్షి భార్య పేరు అనసూయ. అసూయ లేనిది అని అర్థం. గీత తొమ్మిదో అధ్యాయం మొదట్లో కృష్ణుడు అర్జునుడికి అతి రహస్యమైన జ్ఞానం చెబుతానంటూ, నువ్వు “అనసూయుడివి” గనక చెబుతున్నానంటాడు. చెప్పేవాడిలో తప్పులు వెతకనివాడికే చెబుతాను అని. అసూయ ఉన్నవాడి చెవిలో మంచి మాట కూడా వంకరగానే పడుతుంది.

ఇక మాత్సర్యం. కామ, క్రోధ, లోభ, మోహ, మద, మాత్సర్యాల్లో ఆఖరిది. మనం దీన్ని కూడా అసూయ కిందే కట్టేస్తాం. పాళీ బౌద్ధ గ్రంథాల్లో మాత్రం దీనికి వేరే అర్థం ఉంది. అక్కడ మచ్ఛరియం అంటే నాకున్నది ఇంకొకరికి పోనివ్వకపోవడం, గుప్పిట బిగించడం. ఇస్సా అంటే, అది మన ఈర్ష్యే, ఎదుటివాళ్ళకు దక్కింది చూసి ఓర్వలేకపోవడం. ఆ గ్రంథాల్లో ఒకటైన దీఘనికాయంలో శక్రుడు, అంటే ఇంద్రుడు, బుద్ధుణ్ణి అడుగుతాడు: వైరం లేకుండా బతకాలని అందరూ కోరుకుంటూనే అందరూ వైరంలోనే ఎందుకు బతుకుతున్నారని. బుద్ధుడు చెప్పిన కారణం ఈ రెండే, ఇస్సా, మచ్ఛరియం. ఒకటి ఎదుటివాడి గుప్పిట మీద చూపు, ఇంకొకటి తన గుప్పిట మీద భయం. ఇంగ్లీషువాళ్ళ జంట దీనికి దగ్గరగా వస్తుందని నాకనిపిస్తుంది. పూర్తిగా ఒకటి కాదనుకో.

---

డాలస్_తెలుగోడు · జూన్ 15, ఉదయం 8:44

మాస్టారూ, నమస్కారం. ఇక్కడి సంగతి ఒకటి. ఇంగ్లీషువాళ్ళు వేరు వేరుగా వాడతారని మనం అనుకుంటాం గానీ నా ఆఫీసులో రోజూ వినేది వేరు. ఎవరైనా సెలవులకి బీచికి వెళ్ళిన ఫొటో పెడితే కింద అందరూ “ఐ యామ్ సో జెలస్” అనే రాస్తారు. అది ఎన్వీ. జెలసీ అన్న మాట రెంటినీ మోస్తోంది. ఎన్వీ అన్న మాట మాత్రం రెండోదాని పని చేయదు. భార్య వేరేవాడితో మాట్లాడుతోందని బాధపడేవాణ్ణి ఎన్వియస్ అని ఎవరూ అనరు.

---

కాకినాడ_శ్రావణి · జూన్ 15, మధ్యాహ్నం 1:20

మాస్టారూ, మీ మాట తగలాల్సిన చోట తగిలింది. ఆ మెట్లు ఎత్తుగా లేవండి. మా ఇంటి మెట్ల కంటే తక్కువే.

కానీ పాప విషయం? నోరు తెరిచి కూర్చోవడంలో ఎవరి మీదా తప్పు మోపడం లేదు కదా.

---

కూచిపూడి_ప్రేమిక · జూన్ 15, మధ్యాహ్నం 2:05

పాపది సత్యభామ బాధ అండీ. నేను పదకొండేళ్ళు నాట్యం నేర్చుకున్నాను, భామాకలాపం చేసిన ప్రతిసారీ ఇదే ఆలోచన. నారదుడు తెచ్చిన పారిజాతం కృష్ణుడు రుక్మిణికి ఇచ్చాడు. చెలికత్తె వచ్చి ఆ కబురు చెప్పింది. “పారిజాతాపహరణం” రాసిన నంది తిమ్మన ఆ క్షణాన్ని ఎలా పట్టుకున్నాడో: దెబ్బ తిన్న ఆడపాములా లేచిందట, నెయ్యి పోస్తే భగ్గుమన్న మంటలా లేచిందట. మా గురువుగారు ఆ చోట కోపం చూపించవద్దనేవారు. “ముందు కళ్ళలో భయం రావాలి, కోపం దాని వెనక రావాలి” అనేవారు. చాలా కాలం నాకు అర్థం కాలేదు.

అయితే నాకో అనుమానం కూడా ఉంది. సత్యభామది అసూయే అని వాదించేవాళ్ళూ ఉన్నారు. పువ్వు రుక్మిణికి దక్కింది, తనకు దక్కలేదు. ఇద్దరి మధ్య లెక్క అది.

---

పాలమూరు_పిల్ల · జూన్ 15, సాయంత్రం 5:32

కాదక్కా, నేను ఒప్పుకోను. పువ్వు కోసమే అయితే ఇంకో పువ్వు ఇస్తే అయిపోవాలె. కృష్ణుడు స్వర్గానికి పోయి, ఇంద్రునితోని కొట్లాడి చెట్టునే పీక్కొచ్చి ఆమె పెరట్ల నాటాల్సి వచ్చింది. ఎందుకంటే ఆమె అడిగింది పువ్వు కాదు. “నన్నిడిసిపెట్టి ఆమెకు ఎట్ల ఇచ్చినవ్” అన్నది. నడుమల కృష్ణుడు లేకపోతే ఆ కథనే లేదు.

అసూయ చూడాలంటే దుర్యోధనుని దగ్గర చూడాలె. రాజసూయం అయినంక ఇంటికొచ్చి ఏమంటడు? ఎండకాలంల చిన్న మడుగుల నీళ్ళు ఇంకినట్టు ఎండిపోతున్న అంటడు. వానికి రాజ్యం లేదా, కొలువు లేదా? ధర్మరాజు దగ్గర ఉన్నదే వానికి మంట. వానిది ఏదీ ఎవ్వరూ గుంజుకోలే.

---

కూచిపూడి_ప్రేమిక · జూన్ 15, సాయంత్రం 6:01

ఒప్పుకున్నాను. కావ్యశాస్త్రం రాసిన ఆలంకారికులు కూడా ప్రియుడు వేరొకరి దగ్గరికి వెళ్ళాడని తెలిసి ముఖం తిప్పుకోవడాన్ని “ఈర్ష్యామానం” అన్నారు. అసూయామానం అనలేదు. అలా మోసపోయిన ఖండిత నాయిక కన్నీళ్ళకి ఈర్ష్యే పేరు. అంటే ప్రేమలో పుట్టేదానికి ఆ మాట మన దగ్గర ఎప్పటి నుంచో ఉంది, మనమే నాట్యం దాకా పరిమితం చేసేశాం.

---

నెల్లూరు_మాస్టారు · జూన్ 15, రాత్రి 7:48

బాగా చెప్పారు ఇద్దరూ. దుర్యోధనుడికి ఎదురుగా అర్జునుణ్ణి పెట్టి చూడండి. అడవిలో ఏకలవ్యుడు కుక్క నోట్లో ఏడు బాణాలు కొట్టి మూయించాడు. అది చూసి అర్జునుడు ద్రోణుడి దగ్గరికి ఏకాంతంగా వెళ్ళి, “నీకంటే గొప్ప శిష్యుడు నాకుండడని నన్ను కౌగిలించుకుని చెప్పావు కదా” అంటాడు. ఆ మాటలో ఏకలవ్యుడి విద్య మీద కోరిక లేదు. గురువు ఒళ్ళో తన చోటు పోతోందన్న భయం ఉంది. ఒక పిల్లవాడి బొటనవేలు పోయింది ఆ భయానికి. అందుకే రెండోది మొదటిదానికంటే మెత్తనిదనీ, ప్రేమలోంచి వచ్చింది గనక మంచిదనీ అనుకోవడం తప్పు.

వినత కథ కూడా గుర్తొస్తోంది. కశ్యపుడి భార్యలు కద్రువ, వినత. కద్రువ వెయ్యి గుడ్లూ ఐదువందల ఏళ్ళకు పగిలి పిల్లలు బయటికొచ్చాయి. వినతవి రెండే గుడ్లు, అలాగే ఉన్నాయి. ఆగలేక ఒక గుడ్డు తనే చిదిపేసింది. తొడలు రాని కొడుకు పుట్టాడు. “ఎవరితో పోటీ పడి నన్నిలా చేశావో ఆమెకే దాసివవుతావు” అన్నాడు. తరవాత సూర్యుడి సారథి అయిన అనూరుడు ఈయనే. ఇందులో వినత సవతి గుడ్లు ముట్టుకోలేదు, సవతి పిల్లల్ని ఏమీ అనలేదు. పాడు చేసుకున్నది తన గుడ్డే. ఈ కథ నలభైసార్లు పాఠం చెప్పి ఉంటాను, ఆ చోటికి వచ్చేసరికి ప్రతిసారీ గొంతు పట్టేసేది.

---

కృపా_గుంటూరు · జూన్ 15, రాత్రి 8:30

వందనాలండీ. బైబిలు తెలుగు చేసినవాళ్ళు ఈ చిక్కుని బాగా ఆలోచించారనిపిస్తుంది. నిర్గమకాండము 20వ అధ్యాయంలో, ఇంగ్లీషు బైబిల్లో జెలస్ అని ఉన్నచోట మన బైబిల్లో “నేను రోషముగల దేవుడను” అని ఉంటుంది. అసూయ అనలేదు, ఈర్ష్య అనలేదు. రోషం అన్నారు. నావాళ్ళు నన్ను విడిచి వేరొకరి దగ్గరికి పోతే వచ్చేది రోషం. అందులో అవతలివాడి సొమ్ము మీద ఆశ లేదు.

యోసేపుని తండ్రి అందరికంటే ఎక్కువగా ప్రేమించాడు, అందమైన అంగీ కుట్టించాడు. అతని అన్నల దగ్గరికి వచ్చేసరికి “అసూయపడిరి” అని రాశారు. అయితే అక్కడ ముగ్గురున్నారు కదా, తండ్రి ప్రేమ కోసమే కదా ఆ గొడవంతా? దీనికి నాకు సమాధానం దొరకలేదు. అందమైన అంగీ చూసి మండారా, తండ్రి ఒడి చూసి మండారా?

సామెతల గ్రంథంలో ఇంకోటుంది, “మత్సరము ఎముకలకు కుళ్లు” అని. శ్రావణి గారి అత్తగారి మాట అక్కడ కూడా ఉంది.

---

చార్మినార్_సలీం · జూన్ 15, రాత్రి 9:12

మా ఇంట్ల ఉర్దూ, బయట తెలుగు. మా దగ్గర హసద్ వేరే, రష్క్ వేరే. వానికి ఉన్నది పోవాలె అనుకుంటే హసద్. వాని తీరు నేను కూడా కావాలె, వానిది వానికి ఉండనీ అనుకుంటే రష్క్. ఖురాన్‌ల ఫలఖ్ సూరా ఆఖరి మాట ఏందంటే, హసద్ చేసేటోడు హసద్ చేసినప్పుడు వాని కీడు నుంచి కాపాడు అని. మా అమ్మ పిల్లల మీద రోజూ చదివి ఊదుతది. ఇంక మూడోది గైరత్. మనవాళ్ళ మీద, మన ఇజ్జత్ మీద వేరేటోని చెయ్యి పడితే లోపల లేచేది. కృపా గారు చెప్పిన రోషం దానికి దగ్గర ఉంది.

మీ తెలుగుల రష్క్ లేదు అనిపిస్తది నాకు. ఉందా?

---

విశాఖ_సైకాలజీ · జూన్ 15, రాత్రి 10:40

సలీం అన్నా, మంచి ప్రశ్న. నేను ఎమ్మెస్సీ చదువుతున్నాను. డచ్చి భాషలో కూడా ఉర్దూలో లాగే రెండు మాటలున్నాయి. “బెనైడెన్” అంటే మెచ్చుకోలు కలిసినది, “అఫ్గున్స్ట్” అంటే చెడు కోరేది. 2009లో వాన్ డి వెన్, జీలెన్‌బర్గ్, పీటర్స్ అనే ముగ్గురు దీనిమీద పరిశోధన అచ్చు వేశారు. ఒకే మాట ఉన్న అమెరికాలోనూ, స్పెయిన్‌లోనూ కూడా మనుషులు తమ అనుభవాలు చెప్పేటప్పుడు ఇవి రెండు రకాలుగానే విడిపోయాయి. మొదటిది మనిషిని పైకి ఎక్కాలనిపిస్తుంది. రెండోది అవతలి మనిషిని కిందికి లాగాలనిపిస్తుంది. అంటే మాట లేకపోయినా మనసులో తేడా ఉంటుంది.

ఇక పాప గురించి. 2014లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగోలో 36 కుక్కలతో ఒక ప్రయోగం చేశారు. యజమాని తన కుక్కని పట్టించుకోకుండా, మొరిగే బొమ్మకుక్కని ముద్దు చేస్తుంటాడు. ఇంకోసారి ఒక ప్లాస్టిక్ బకెట్‌ని ముద్దు చేస్తాడు. ఇంకోసారి పుస్తకం చదువుతాడు. బొమ్మకుక్క దగ్గరే కుక్కలు ఎక్కువగా మధ్యలో దూరాయి, యజమానిని ముక్కుతో నెట్టాయి. అవి బొమ్మ కోసం రాలేదు, మనిషి కోసం వచ్చాయి. 2003లో కాపుచిన్ కోతుల మీద చేసిన ప్రయోగం దీనికి వేరు. పక్క కోతికి ద్రాక్షపండు ఇచ్చి తనకి దోసకాయ ముక్క ఇస్తే, అంతకుముందు తింటున్న ఆ దోసకాయనే చాలాసార్లు తీసుకోవడం మానేశాయి, కొన్ని విసిరేశాయి. ద్రాక్షపండు వైపు చూసే చూపు ఒకటి, యజమాని ఒడి వైపు చూసే చూపు ఇంకొకటి. మాట రాని ప్రాణుల్లోనే ఇంత తేడా కనిపిస్తుంటే ఐదేళ్ళ పిల్లని కుళ్ళు అనడం అన్యాయం అక్కా. నోరు తెరిచి కూర్చున్న పిల్ల ఉగ్గు అడగలేదు.

---

సీమబిడ్డ · జూన్ 15, రాత్రి 11:03

సలీమన్నా, తెలుగులో ఆ మాట లేదంటే నాకు మనసొప్పడంలే. “వాణ్ణి చూసి నేర్చుకో” అంటాం. పంట బాగా వచ్చిన చేను గట్టు మీద నిలబడి “ఏం పండించినాడప్పా” అంటామే, అందులో మంట ఉండదు. కాకపోతే దానికంటూ ఒక పేరు లేదు. చెడుకి మాత్రం ఎన్ని పేర్లో! కడుపుమంట, కన్నుకుట్టు, అక్కసు, ఓర్వలేనితనం, కుళ్ళు, ఏడుపు. లారీల వెనక రాసుకుంటారే, “నన్ను చూసి ఏడవకురా” అని. కొత్తగా కొన్న ప్రతివాడికీ ఆ భయమే.

---

పాలమూరు_పిల్ల · జూన్ 15, రాత్రి 11:20

ఆ భయంకే కదా కట్టే ఇంటికి దిష్టిబొమ్మ, గుమ్మానికి గుమ్మడికాయ. కన్నుకుట్టుడు అని మనం ఎందుకంటమో ఆలోచించిన. మంట కడుపుల, పుట్టుడు కంట్ల. ఇంకో సంగతి, మా అమ్మ దిష్టి తీసేటప్పుడు “ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, తల్లి దిష్టి, తండ్రి దిష్టి” అంటది. తల్లి చూపు కూడా తగుల్తదంట. కన్నతల్లికి కుళ్ళు ఉంటదా? అంటే దిష్టి అసూయ ఒక్కటే కాదు, ఎక్కువ మురిసినా తగుల్తది.

---

డాలస్_తెలుగోడు · జూన్ 16, ఉదయం 7:15

ఇన్‌విదియా అనే లాటిన్ మాటలోంచే ఎన్వీ వచ్చింది. దాని మూలంలో ఉన్నది “చూడడం”, చెడుగా చూడడం. అక్కడా కన్నే. జెలసీ మూలం గ్రీకు “జీలోస్”, అంటే ఆవేశం, పట్టుదల. అరిస్టాటిల్ ఆ జీలోస్‌ని మంచివాళ్ళ గుణంగా లెక్కేశాడు, ఎదుటివాడికున్న మంచి నాకూ రావాలన్న తపన అని. సలీం అన్న చెప్పిన రష్క్ లాంటిది. మాట ఎక్కడ మొదలై ఎక్కడ తేలిందో చూడండి.

---

పేరు_వద్దు · జూన్ 16, ఉదయం 11:48

అందరూ బాగా రాస్తున్నారు. నేను వేరే వైపు నుంచి చెప్పాలి.

రోషం, ప్రేమలోంచి పుట్టే ఈర్ష్య అని మీరు గౌరవంగా రాస్తున్నదాని కింద నేను తొమ్మిదేళ్ళు బతికాను. మా ఇంట్లో దానికి పేరు అనుమానం. కూరగాయల బండి దగ్గర చిల్లర తీసుకుంటే ఎందుకు నవ్వావు అని. పక్కింటివాళ్ళ ముందు “నా పెళ్ళామంటే నాకు ప్రాణం, అందుకే” అనేవాడు. పెద్దవాళ్ళు కూడా “ప్రేమ ఎక్కువమ్మా” అన్నారు. బజారుకు వెళ్తే ఎన్ని నిమిషాలకు తిరిగి రావాలో గోడ మీద గడియారం కింద పెన్సిలుతో రాసి పెట్టాడు. సున్నం వేసినా ఆ అంకెలు నాకు కనిపించేవి.

ఒకరికి చోటు పోతుందన్న భయం ఉంటే అది వాళ్ళ బాధ. ఆ భయంతో ఇంకొకర్ని గదిలో పెడితే అది హింస. 2005 గృహహింస చట్టంలో మాటలతో, మనసుతో పెట్టే హింస కూడా ఉంది, కొట్టాల్సిన పని లేదు. 181కి ఫోన్ చేయొచ్చు. నాకు అది చెప్పినవాళ్ళు తొమ్మిదేళ్ళలో ఒక్కరు. ఇక్కడ చదివేవాళ్ళలో ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

---

నెల్లూరు_మాస్టారు · జూన్ 16, మధ్యాహ్నం 12:30

తల్లీ, నీ మాట ముందు నా శ్లోకాలు నిలవవు. భయం అన్న మాటని నేను రాసినప్పుడు మెత్తగా రాశాను. ఆ అంకెలు చదివాక ఇంకెప్పుడూ అలా రాయను.

---

సీమబిడ్డ · జూన్ 16, సాయంత్రం 6:40

పేరు వద్దన్న అక్కా, నువ్వు బయటపడినందుకు సంతోషం. జాగ్రత్తగా ఉండు.

శ్రావణక్కా, నిన్ను ఒకటి అడగాల. అందరూ నీ ఇంటి సంగతిని మొదటి రకం అని పక్కన పెట్టేసినారు, నువ్వు కూడా. నాకు అనుమానంగా ఉండాది. ఒక్కసారి కళ్ళు మూసుకొని అనుకో: ఆ ఇల్లు నీకు ఇచ్చేసినారు. పాలరాయి, మేడ, అన్నీ నీవే. అప్పుడు నీకు అన్నం సయిస్తుందా? సయిస్తే అది లేదన్న ఏడుపే. సయించకపోతే నువ్వు పోగొట్టుకున్నది ఇంకేదో ఉండాది, ఇల్లు కాదు.

---

కాకినాడ_శ్రావణి · జూన్ 17, తెల్లవారుజామున 4:35

తమ్ముడూ, నీ ప్రశ్న చదివి రాత్రంతా పడుకోలేదు.

సయించదు. ఆ ఇల్లు నాకిచ్చినా సయించదు.

చెప్తాను. నేను కాపురానికి వచ్చి పదకొండేళ్ళు. మా అత్తగారు ఏటా ఆవకాయ పెడతారు. మూడో రోజు జాడీ మూత తీసి తిరగకలిపి ఉప్పు చూస్తారు కదా, ఆ ఉప్పు ఆవిడ చూడరు. మొదటి ఏడు నన్ను పిలిచి, చేతి వెనక రవ్వంత పెట్టి, “ఉప్పు చూడవే” అన్నారు. నేను చెప్పినంతే వేశారు. అప్పటి నుంచీ ఏటా నేనే. ఒక ఏడు జ్వరంతో పుట్టింట్లో ఉంటే బస్సులో చిన్న సీసా పంపించారు, చూసి ఫోన్ చెయ్యమని. మా ఆయన నవ్వారు గానీ నాకు అది చదువుకున్న పట్టా కంటే ఎక్కువ.

ఈ ఏడు జాడీలు కొత్తింట్లో పెట్టారు, అక్కడ చోటు ఎక్కువని. గృహప్రవేశం నాటికి మూడో రోజు. నేను వెనక వసారాలో అరిటాకులు కడుగుతున్నాను. వంటింట్లోంచి అత్తగారి గొంతు వినిపించింది, “ఉప్పు చూడవే” అని. చెయ్యి తుడుచుకుని లేచాను. గుమ్మం దాకా వెళ్ళాను. ఆవిడ ఎదురుగా మా తోడికోడలు చెయ్యి చాచి ఉంది.

మళ్ళీ వెనక్కి వచ్చి ఆకులు కడిగాను. ఇంటికొచ్చి మెట్ల గురించి మాట్లాడాను. వంటింట్లో గాలి ఆడదన్నాను. గాలి బాగానే ఆడుతోంది, అంత దూరం నుంచి మాట వినిపించింది కదా.

ఆవిడ తప్పేమీ లేదు. ఇల్లుగలావిడ చేత చూపించారు, అంతే. మా తోడికోడలు తప్పు అంతకంటే లేదు, తనకి ఈ పదకొండేళ్ళ సంగతి తెలియను కూడా తెలియదు. అయితే నాకు కూడా ఇన్నాళ్ళూ తెలియలేదు. ఇల్లు చూసి కుళ్ళుకుంటున్నానని నన్ను నేనే తిట్టుకుంటున్నాను, అది ఒప్పుకోవడమే తేలికగా ఉంది. ముప్ఫై ఆరేళ్ళ మనిషిని, చేతి మీద రవ్వంత ఆవపిండి కోసం ఏడ్చానని ఎలా చెప్పుకోను?

---

పాలమూరు_పిల్ల · జూన్ 17, ఉదయం 7:02

అక్కా, ఏడుపొచ్చింది నాకు. మొదటిదని చెప్పింది నేనే, తప్పు చెప్పిన.

---

కృపా_గుంటూరు · జూన్ 17, ఉదయం 7:40

యోసేపు అన్నల ప్రశ్నకి నాకు సమాధానం దొరికిందండీ. వాళ్ళు గుంజింది అంగీ. కావలసింది అది కాదు. అందుకే దాన్ని ఉంచుకోలేదు, నెత్తుట్లో ముంచి తండ్రికే పంపించారు.

---

విశాఖ_సైకాలజీ · జూన్ 17, ఉదయం 9:10

శ్రావణి అక్కా, మా క్లాసులో ఇవి రెండూ కలిసి రావడం గురించి చెప్పారు. మన చోటు తీసుకున్న మనిషికి మనకు లేనివి కూడా ఉంటే భయమూ మంటా ఒకేసారి లేస్తాయి. విడదీయడం కష్టం. మీకు ఇల్లు కూడా కొంచెం నచ్చే ఉంటుంది, దాన్ని పూర్తిగా కొట్టేయకండి. అత్తగారితో మాట్లాడతారా?

---

కాకినాడ_శ్రావణి · జూన్ 19, రాత్రి 8:55

ఇల్లు నచ్చింది. నిజమే. ముఖ్యంగా ఆ వెనక వసారా.

అత్తగారితో మాట్లాడలేదు. రెండుసార్లు ఫోన్ తీశాను, పెట్టేశాను. పాపని కుళ్ళు అనొద్దని మాత్రం చెప్పాను. “అది తమ్ముడి మీద ఏడవడం లేదు అత్తయ్యా, నా కోసం ఏడుస్తోంది” అన్నాను. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తరవాత “మీ ఆయన కూడా చిన్నోడు పుట్టినప్పుడు అరుగు మీద పడుకునేవాడు, లోపలికి రమ్మంటే వచ్చేవాడు కాదు” అన్నారు. నాకు ఇన్నేళ్ళలో చెప్పలేదు ఆ మాట.

ఇవాళ పప్పు పొయ్యి మీద ఉంది. బాబు ఉయ్యాల్లో ఉన్నాడు. పాప వంటింటి గడప మీద కూర్చుని చూస్తోంది. పిలిచాను. గరిటెతో కొంచెం తీసి, ఊది, చేతి వెనక రవ్వంత పెట్టి, “ఉప్పు చూడవే” అన్నాను.

చాలాసేపు చప్పరించింది. “సరిపోయిందమ్మా” అంది.

తక్కువే ఉంది. అలాగే దింపేశాను.